రంగు పోయిన నీళ్లు తాగొచ్చా?



సైన్స్ ఎగ్జిబిషన్ కోసం మా ఎనిమిదో తరగతి అబ్బాయి ఒక మోడల్ చేశాడు. సీసాలో యాక్టివేటెడ్ కార్బన్ నింపి, పైనుంచి సిరా కలిపిన నీళ్లు పోశాడు. అడుగు నుంచి తేటగా వచ్చాయి. "మేడమ్, ఇక ఇవి తాగొచ్చు!" అన్నాడు. నేను చప్పట్లు కొట్టి, చార్టు మీద కూడా ఆ మాటే రాయమన్నాను. ఆ రాత్రి నోట్స్ రాసుకుంటుంటే నా పొరపాటు తెలిసింది. మర్నాడు క్లాసులో అందరి ముందూ ఒప్పుకున్నాను. ఈ నెల మీతో పంచుకుంటున్నది ఆ పాఠమే.

వ్యర్థం నుంచి కార్బన్

శ్రీకాకుళం జిల్లా పలాస జీడిపప్పుకు పేరు. జీడిపిక్క బరువులో పప్పు సుమారు నాలుగో వంతే. మిగిలినదాంట్లో ఎక్కువ భాగం పెంకు. ఈ పెంకుతోనూ, రైసు మిల్లుల్లో మిగిలే ఊకతోనూ, చక్కెర మిల్లుల చెరకు పిప్పితోనూ యాక్టివేటెడ్ కార్బన్ చేయవచ్చని పరిశోధనల్లో తేలింది.

తయారీలో రెండు దశలున్నాయి. మొదట గాలి తగలకుండా కాలుస్తారు. గాలి తగిలితే బూడిదవుతుంది, తగలకపోతే బొగ్గు మిగులుతుంది. తర్వాత ఆ బొగ్గు మీదికి 800 నుంచి 1000 డిగ్రీల సెల్సియస్ వేడిలో నీటి ఆవిరిని పంపుతారు. ఆవిరి బొగ్గును లోలోపల తొలిచి, కంటికి కనిపించని రంధ్రాలు చేస్తుంది. ఇంకో పద్ధతిలో పెంకు పొడిని ఫాస్ఫారిక్ ఆమ్లంలో నానబెట్టి, అంతకంటే తక్కువ వేడిలో కాలుస్తారు. మంచి కార్బన్ ఒక్క గ్రాము తీసుకుని, లోపలి గోడలన్నీ విప్పి పరిస్తే సుమారు 1000 చదరపు మీటర్లు. అంటే దాదాపు పావు ఎకరం!

లోహాలు ఎలా చిక్కుతాయి?

సిరా రంగు ఈ రంధ్రాల్లో సులువుగా అతుక్కుంటుంది. సీసం, కాడ్మియం వంటి భార లోహాలు అలా కాదు. అవి నీటిలో ధనావేశమున్న అయాన్లుగా ఉంటాయి. మామూలు కార్బన్‌కు వాటి మీద పట్టు తక్కువ. ఆమ్లంతో తయారైన కార్బన్ గోడల మీద ఆక్సిజన్ ఉన్న సమూహాలు ఏర్పడతాయి. లోహ అయాన్లకు అవే సీట్లు. నీటిలో ఆమ్లత్వం ఎక్కువైతే హైడ్రోజన్ అయాన్లు ముందే వచ్చి, బస్సు కిటికీలోంచి కర్చీఫ్ వేసినట్టు ఆ సీట్లు ఆపేస్తాయి. సీట్లన్నీ నిండాక కార్బన్ ఇక పనిచేయదు. పైగా అది పట్టుకున్న లోహం ఎక్కడికీ పోదు, కార్బన్‌లోనే ఉంటుంది. అందుకే వాడేసిన కార్బన్‌ను ఫ్యాక్టరీలు బయట పారబోయకూడదు.

మనకెందుకు ఇదంతా?

నీటిలో కరిగిన సీసానికి రంగు, వాసన ఉండవు. అది పిల్లల మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది. ఇంత వరకు పర్వాలేదు అనే మోతాదు ఏదీ తెలియదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మన దేశ ప్రమాణం ప్రకారం తాగునీటిలో సీసం లీటరుకు 0.01 మిల్లీగ్రాము దాటకూడదు. కాచినా లోహం పోదు. నీరు ఆవిరయ్యేకొద్దీ మిగిలిన నీటిలో దాని గాఢత ఇంకా పెరుగుతుంది.

ఇంట్లో చేసి చూడండి

అక్వేరియం షాపులో దొరికే యాక్టివేటెడ్ కార్బన్ తెచ్చి కడగండి. గ్లాసు నీళ్లలో చెంచాడు ఉప్పు, ఒక చుక్క సిరా కలిపి, అందులో నాలుగైదు చెంచాల కార్బన్ వేసి రాత్రంతా ఉంచండి. పొద్దున పలుచటి గుడ్డతో వడకట్టండి. రంగు బాగా తగ్గిపోతుంది. ఆ నీటిని కొంచెం స్టీలు పళ్లెంలో పోసి ఎండలో పెట్టండి. నీరు ఆరిపోయాక తెల్లటి ఉప్పు మిగులుతుంది. కంటికి కనిపించనిది నీటిలో లేదనుకోకూడదని పిల్లలకు ఇంతకంటే తేలిగ్గా చెప్పలేం. ఈ నీళ్లు మాత్రం ఎవరూ తాగకూడదు. బొగ్గు కాల్చడం, ఆమ్లాలు వాడడం ఇంట్లో వద్దు.

బోరు నీళ్లు తాగే కుటుంబాలు ఒకసారి ల్యాబ్‌లో లోహాల పరీక్ష చేయించండి. ఫిల్టర్ కొనేటప్పుడు అది సీసాన్ని తొలగిస్తుందని లేబుల్ మీద ఉందో లేదో చూడండి.

మా అబ్బాయి చార్టు మార్చాడు. ఇప్పుడు దాని మీద "రంగు పోయింది. లోహం పోయిందో లేదో పరీక్ష చేస్తేనే తెలుస్తుంది" అని ఉంది. మీ పిల్లలు ప్రాజెక్ట్ చేసి చూపించినప్పుడు మెచ్చుకోండి. ఆ వెంటనే "నీకెలా తెలిసింది?" అని కూడా అడగండి. ఆ రోజు నేను అడగకుండా వదిలేసిన ప్రశ్న అదే.