అయిదు ఊళ్ళు, నాలుగు మాటలు

పిల్లలూ! మేము నలుగురం మన బడిలోనే అ, ఆలు దిద్దుకున్నాం. కాలేజీ చదువులో భాగంగా ఒక సెమిస్టరు ఇటలీలోని ఫ్లోరెన్సులో ఉన్నాం. ఒక శనివారం పొద్దున్నే రైలెక్కి, సముద్రం ఒడ్డునున్న 'చింక్వే తెర్రె' చూసి రాత్రికి తిరిగొచ్చాం. ఆ రోజు మేము నేర్చుకున్న పాఠం మీకూ చెబుతాం.

పేరులో ఏముంది?

'చింక్వే' అంటే అయిదు, 'తెర్రె' అంటే నేలలు. రియోమజ్జోరె, మనరోలా, కొర్నీల్యా, వెర్నాజ్జా, మొంతెరోస్సో అనేవి ఆ అయిదు ఊళ్ళు. ఈ పేర్లు పైకి చదవండి. అన్నీ అచ్చుతోనే ముగుస్తున్నాయి కదూ! మన తెలుగు మాటలూ చాలావరకు అంతే. ఇలాంటి భాషను అజంత భాష అంటారు. అందుకే తెలుగుకు 'ఇటాలియన్ ఆఫ్ ది ఈస్ట్' అన్న పేరు వచ్చింది. ఒక తేడా మాత్రం ఉంది. బహువచనానికి మనం 'లు' చేరుస్తాం, వాళ్ళు చివరి అచ్చును మారుస్తారు. ఒక నేల 'తెర్రా', చాలా నేలలు 'తెర్రె'.

కొండ మీద గోడలు

లా స్పెజ్యాలో రైలు మారాం. అక్కణ్ణుంచి ఒక్కో ఊరూ కొద్ది నిమిషాల దూరమే. నాలుగు ఊళ్ళు సముద్రాన్ని ఆనుకొని ఉంటే, కొర్నీల్యా మాత్రం సుమారు 100 మీటర్ల ఎత్తున కొండ మీద ఉంది. స్టేషను నుంచి పైకి దాదాపు 380 మెట్లు. "తిరుమల కొండ నడిచి ఎక్కినవాణ్ణి" అని గొప్పలు పోయిన మావాడు సగంలోనే చతికిలబడ్డాడు!

పైనుంచి చూస్తే కొండంతా మెట్లు మెట్లుగా ద్రాక్షతోటలు. అరకు వైపు కొండవాలు వరిమళ్ళు గుర్తొచ్చాయి. ఒక్కో మెట్టుకూ ఒక రాతి గోడ. సున్నం లేదు, సిమెంటు లేదు, రాయి మీద రాయి పేర్చడమే. వాననీరు రాళ్ళ సందుల్లోంచి జారిపోతుంది, మట్టి మాత్రం నిలుస్తుంది. వందల ఏళ్ళుగా రైతులు చేత్తో కట్టిన గోడలివి. 1997లో యునెస్కో ఈ ప్రాంతాన్ని ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. ఇటలీతో సహా ఎనిమిది దేశాల్లోని ఈ గోడలు కట్టే విద్యకు 2018లో మళ్ళీ గుర్తింపు ఇచ్చింది.

అయితే ఉద్యోగాల కోసం యువత ఊరు విడిచింది. చాలా తోటలు పాడుబడ్డాయి. ఏటేటా సవరించకపోతే గోడ కూలుతుంది, దాని వెనకే మట్టి జారుతుంది. 2011 అక్టోబరు 25న కుండపోత వానకు వెర్నాజ్జా, మొంతెరోస్సో వీధులు బురదలో మునిగాయి, ప్రాణాలు కూడా పోయాయి.

పచ్చడి దగ్గర పరీక్ష

వెర్నాజ్జా నుంచి మొంతెరోస్సోకు కొండబాటన రెండు గంటలు నడిచి, ఆకలితో ఒక హోటల్లో కూర్చున్నాం. ఆ ప్రాంతపు 'పెస్తో' తెచ్చిపెట్టారు. తులసి జాతికి చెందిన ఆకు, వెల్లుల్లి, పైన్ గింజలు, చీజు, ఆలివ్ నూనె కలిపి పాలరాతి రోట్లో చేస్తారు. అచ్చం మన రోటి పచ్చడే! 'పెస్తారె' అనే క్రియ నుంచి ఆ పేరు వచ్చిందని వడ్డించిన ఆవిడ చెప్పింది.

"మరి మీ భాషలో ఆ పనిని ఏమంటారు?" అని అడిగింది.

నలుగురం ముఖముఖాలు చూసుకున్నాం. ఇటాలియన్ మాట తెలిసింది, మన మాట నోటికి రాలేదు! "గ్రైండ్ చేయడం" తప్ప ఏమీ తోచలేదు. సిగ్గేసింది.

తిరుగు రైల్లో మాలో ఒకడు కాకినాడలో ఉన్న అమ్మమ్మకు ఫోన్ చేశాడు. ఆవిడ నవ్వి, "ఏ పని గురించిరా నాన్నా? పచ్చడైతే నూరతాం. ఇడ్లీకి పప్పయితే రుబ్బుతాం. కారమైతే దంచుతాం. తిరగల్లో అయితే విసురుతాం" అంది. ఒక్క మాట అడిగితే నాలుగు చెప్పింది!

ఆ నాలుగు మాటలూ టిక్కెట్టు వెనక రాసుకున్నాం. అవి మాకు రాని మాటలు కావు, చిన్నప్పుడు విన్నవే. వాడకపోవడం వల్ల జారిపోయాయి. పొద్దున చూసిన గోడలు గుర్తొచ్చాయి. ఇప్పుడు ప్రతి ఆదివారం అమ్మమ్మకు ఫోన్ చేసి వారానికో మాట అడుగుతున్నాం.

అభ్యాసం

1. నూరడం, రుబ్బడం, దంచడం, విసరడం: ఒక్కోదానితో ఒక వాక్యం రాయండి.
2. మీ స్నేహితుల పేర్లలో అచ్చుతో ముగిసేవి ఎన్ని?
3. మీ అమ్మమ్మనో, నానమ్మనో అడిగి వంటింటి మాటలు అయిదు సేకరించి, వచ్చే వారం తరగతిలో చెప్పండి.