511 కిలోమీటర్లకు గంటంపావు ఎందుకు?

హైదరాబాద్ నుంచి విశాఖకి విమానంలో ఎంతసేపు? దూరాన్ని వేగంతో భాగిస్తే సరిపోతుంది అనుకుంటాం కదా. ఒకసారి నిజంగా చేసి చూద్దాం.

ముందు దూరం. భూమి గుండ్రంగా ఉంది కాబట్టి స్కేలు పెట్టి గీసిన గీత పనికిరాదు. రెండు ఊళ్ల మధ్య భూమి మీద అతి దగ్గరి దారిని మహావృత్త మార్గం అంటారు. దాన్ని లెక్కించడానికి హేవర్సైన్ సూత్రం ఉంది. పైథాన్‌లో పది లైన్లు కూడా పట్టదు:

1. అక్షాంశాల తేడాలో సగం తీసుకుని, దాని సైన్‌ని స్క్వేర్ చేయాలి.
2. రేఖాంశాల తేడాకీ అంతే చేసి, రెండు అక్షాంశాల కొసైన్లతో గుణించాలి.
3. ఈ రెండూ కలిపి వర్గమూలం తీసి, దాని ఆర్క్‌సైన్‌ని భూమి వ్యాసం 12,742 కి.మీ.తో గుణించాలి.

డిగ్రీలను రేడియన్లలోకి మార్చడం మాత్రం మర్చిపోవద్దు. శంషాబాద్ విమానాశ్రయం 17.24, 78.43 దగ్గర ఉంది. విశాఖ నగరంలోని విమానాశ్రయం 17.72, 83.22. జవాబు 511 కి.మీ. గంటకి 800 కి.మీ. వేగమనుకుంటే 38 నిమిషాలు.

కానీ టికెట్ మీద సుమారు గంటంపావు ఉంటుంది. మిగతా టైమ్ ఎక్కడికి పోయింది?

టికెట్ మీద టైమ్ విమానం గేటు వదిలినప్పుడు మొదలై, అవతల గేటు దగ్గర ఆగినప్పుడు ముగుస్తుంది. రన్‌వే దాకా నెమ్మదిగా వెళ్లడం, తన వంతు కోసం ఆగడం అందులోనే. 10,000 అడుగుల లోపు వేగం మామూలుగా 250 నాట్లు, అంటే గంటకి 463 కి.మీ. దాటకూడదు. ఇంత చిన్న దూరంలో ఎక్కడం, దిగడమే ఎక్కువ భాగం. 800 వేగంతో ఎగిరేది కొద్దిసేపే.

దూర ప్రయాణాల్లో గాలి కూడా లెక్కలోకి వస్తుంది. దాదాపు 10 కి.మీ. ఎత్తులో జెట్ స్ట్రీమ్ పడమర నుంచి తూర్పుకి వీస్తుంది. 2016లో ఎయిర్ ఇండియా తన ఢిల్లీ–శాన్‌ఫ్రాన్సిస్కో విమానాన్ని అట్లాంటిక్ వైపు నుంచి పసిఫిక్ వైపుకి మార్చింది. దారి దాదాపు 1,400 కి.మీ. పెరిగింది. అయినా గాలి వెనక నుంచి తోయడంతో ముందే చేరింది! అంటే దగ్గరి దారి, త్వరగా చేరే దారి ఒకటే కానక్కర్లేదు. గ్రాఫ్ అల్గారిథమ్స్‌లో ఎడ్జ్ వెయిట్‌గా కిలోమీటర్లు పెడతామా, నిమిషాలు పెడతామా అన్నదే ఇక్కడ ప్రశ్న.

ఇప్పుడు మన సంగతికి వద్దాం. సికింద్రాబాద్–విశాఖ వందే భారత్‌కి సుమారు ఎనిమిదిన్నర గంటలు. 38 నిమిషాలతో పోలిస్తే 13 రెట్లు. కానీ గడప నుంచి గడపకి లెక్కేయండి. హాస్టల్ నుంచి శంషాబాద్ గంటన్నర, రెండు గంటల ముందు రిపోర్టింగ్, గంటంపావు ప్రయాణం, అక్కడ ముప్పావుగంట: మొత్తం ఐదున్నర. రైలుకి స్టేషన్ దాకా గంట, ముందుగా అరగంట, దిగాక అరగంట కలిపితే పదిన్నర. తేడా రెండు రెట్లు కూడా లేదు.

"అమ్మమ్మకి బాగాలేదు, వెంటనే రా" అని ఇంటి నుంచి ఫోన్ వచ్చిన రోజు ఈ లెక్క అవసరం పడుతుంది. అప్పుడు చూడాల్సింది విమానం వేగం కాదు. ఇప్పుడు బయల్దేరితే గుమ్మంలో అడుగు పెట్టేది ఎన్నింటికి అన్నది. విమానం సాయంత్రానికి గానీ లేకపోతే, గంటలో బయల్దేరే రైలే ముందు చేర్చవచ్చు.

మీ ఊరి అక్షాంశం, రేఖాంశం పెట్టి కోడ్ రన్ చేయండి. ఆ పక్కనే గడప నుంచి గడపకి ఎంతసేపో కూడా రాసుకోండి.