కాఫీ హౌసు పనివారి స్వపరిపాలన

మన బెంగుళూరు ఇండియన్ కాఫీ హౌసులో తలపాగాతో కాఫీ అందించువారిని తల్లిదండ్రులు చూచియే యుందురు. వారు కేవలము జీతగాండ్రు కారు. 1950 దశకపు నడుమ కాఫీ బోర్డు తన కాఫీ హౌసులను మూసివేయ నిశ్చయించగా, పనివారి జీవనాధారమునకే ముప్పు వాటిల్లెను. అప్పుడు ఏ.కె. గోపాలన్ ప్రోత్సాహముతో వారు సహకార సంఘములుగా నేర్పడి, ఆ వ్యాపారమును తామే చేపట్టిరి. అట్టి మొదటి సంఘము 1957 ఆగస్టు 19న ఈ నగరముననే వెలసినది.

ఇందు పాలకవర్గమును సభ్యులైన పనివారే ఎన్నుకొందురు. బల్ల తుడుచు సభ్యునికిని, లెక్కలు చూచు సభ్యునికిని ఒక్కొక్క ఓటే. పని మాత్రము తేలిక కాదు. దినమంతయు నిలువుకాళ్ల కొలువే. అయినను అన్యాయము జరిగినచో అడుగుటకు సభ కలదు. పెక్కు హోటళ్లలో అట్లడిగినవాని గతి యేమగునో మేము చెప్పనక్కరలేదు. మహాత్మాగాంధీ రోడ్డులోని శాఖ 2009లో చర్చి వీథికి మారినది. పిల్లలను అచ్చటికి తీసికొనిపోవువారు, కాఫీ తెచ్చినవారి నోటనే సంఘపు టెన్నికల సంగతి వినిపింపవలెనని మా కోరిక.