ఎర్రదీపము వెలిగినది: లోపము ఇంజనుదా, స్విచ్చిదా?

నేడు అనేక గ్రామ పంచాయతీలకు సొంత ట్రాక్టరు కలదు. తెలంగాణ రాష్ట్రమున 2019లో ప్రారంభమైన పల్లె ప్రగతి కార్యక్రమములో పంచాయతీలకు ట్రాక్టరు, ట్రాలీ, నీటి ట్యాంకరు సమకూరినవి. చెత్త తరలించుటకు, వేసవిలో నీరందించుటకు ఈ బండియే ఆధారము. అది మూలపడిన యెడల ఊరంతయు ఇబ్బంది పడును. కనుక ఆయిలు ఒత్తిడిని తెలుపు ఎర్రదీపమును గూర్చి సభ్యులు కొంత తెలిసికొనుట మంచిది.

దీపము ఏమి తెలుపును?

ఇంజనులోని పంపు ఆయిలును ఒత్తిడితో త్రోసి బేరింగులకు అందించును. ఆ ఆయిలు పొర యున్నంత కాలము ఇనుము ఇనుమును తాకదు. ఒత్తిడి పోయినచో బేరింగులు కొద్ది నిమిషములలోనే చెడిపోవచ్చును.

ఇంజను ప్రక్కన బిగించిన చిన్న స్విచ్చి ఈ ఒత్తిడిని కనిపెట్టుచుండును. ఒత్తిడి లేనప్పుడు దీపము వెలుగును, వచ్చినప్పుడు ఆరును. చాల స్విచ్చిలు చదరపు సెంటీమీటరుకు 0.3 నుండి 0.5 కిలోల ఒత్తిడి వద్ద పనిచేయును. కావున దీపము ఆరినంత మాత్రమున ఒత్తిడి చాలినంత యున్నదని తలపరాదు. బొత్తిగా పోలేదని మాత్రమే గ్రహింపవలెను.

మొదట నమ్ముడు, పిదప పరీక్షింపుడు

బండి నడచుచుండగా దీపము వెలిగినచో వెంటనే ఇంజను ఆపవలెను. "స్విచ్చి చెడినది, ఏమియు కాదు" అని ట్యాంకరును గమ్యము చేర్చుటకు నడపరాదు. పిమ్మట వరుసగా ఈ పరీక్షలు చేయింపవలెను.

1. బండిని సమతల ప్రదేశమున నిలిపి, కొద్ది నిమిషములు ఆగి, ఆయిలు పుల్ల తీసి చూడవలెను. మట్టము తగ్గినచో కారుచున్న చోటు వెదకవలెను. ఆయిలు పలుచనై డీజిలు వాసన వచ్చినను, పాలవలె తెల్లబడినను ఇంజను నడపక మెకానిక్కుకు చూపవలెను.

2. ఇంజను నడువకుండ తాళము మాత్రము త్రిప్పినప్పుడు దీపము వెలుగవలెను. వెలుగనిచో స్విచ్చి వైరు తీసి ఇంజను లోహమునకు తాకింపవలెను. అప్పుడు వెలిగినచో లోపము స్విచ్చిది. అప్పటికిని వెలుగనిచో బల్బు, ఫ్యూజు, వైరులలో ఒకటి చెడినది.

3. నడకలో దీపము వెలిగి, ఆయిలు మట్టము సరిగా ఉన్నచో, ఇంజను ఆపి, తాళము మాత్రము త్రిప్పి స్విచ్చి వైరు ఊడదీయవలెను. దీపము ఆరనిచో వైరు ఎచటనో ఒరసికొని లోహమును తాకుచున్నది. ఆరినచో వైరు మంచిదే. లోపము స్విచ్చిదో, ఒత్తిడిదో ఇంకను తేలలేదు.

4. దానిని తేల్చునది యాంత్రిక గేజి. ఫ్రాన్సు దేశీయుడు యూజీన్ బూర్డాన్ 1849లో పేటెంటు పొందిన వంపు గొట్టపు గేజి నేటికిని ఇందుకు వాడబడుచున్నది. ఆగిన ఇంజనునుండి స్విచ్చి తీసి, ఆ రంధ్రమున గేజి బిగించి ఇంజను నడపవలెను. పది సెకండ్లలో ముల్లు లేవనిచో వెంటనే ఆపవలెను. లేచినచో ఇంజను వేడెక్కిన పిదప, నెమ్మది నడకలోను, వేగములోను కొలతలు తీసి కంపెనీ పుస్తకముతో సరిచూడవలెను. నిమిషమునకు ప్రతి 1000 చుట్లకు సుమారు 0.7 కిలో ఒత్తిడి యుండుట మోటు లెక్క.

గేజి సరియైన ఒత్తిడి చూపినచో మార్చవలసినది స్విచ్చినో, వైరునో మాత్రమే. తక్కువ చూపినచో ఆయిలు రకము, వడపోత జాలి, ఒత్తిడి వాల్వు, పంపు చూచి, కడపట బేరింగులు విప్పవలెను.

ఇటీవలి అనేక కార్లలో స్విచ్చికి బదులు మూడు వైర్ల సెన్సారు కలదు. చాల వాటికి 5 వోల్టుల కరెంటు అందును. ఇంజను ఆగియున్నప్పుడు సుమారు అర వోల్టు సంకేతము వచ్చును. ఆ స్థితిలోనే మీటరు ఒత్తిడి చూపినచో అది తప్పుడు లెక్క. అచ్చటను తుది తీర్పు గేజిదే.

సభ్యుల కర్తవ్యము

స్విచ్చి వెల కొలదియే. ఇంజను విప్పుట వేల రూపాయల పని. కనుక ఇంజను మరమ్మతు బిల్లు సమావేశమునకు వచ్చినప్పుడు "గేజితో కొలిచిరా? ఎంత చూపెను?" అని ప్రశ్నింపుడు. ఆ అంకెలను, తేదీని బండి రిజిస్టరులో వ్రాయింపుడు. దీపము వెలిగినప్పుడు బండి ఆపిన డ్రైవరును, ఆలస్యమైనదని మందలింపక, మెచ్చుకొనుడు. ఊరి సొమ్మును కాపాడినవాడు అతడే.