గోల్ ముందు కాపలా

హైటెక్ సిటీకి దగ్గరలోనే గచ్చిబౌలి ఉంది. అక్కడ అద్దాల మేడల నడుమ ఒక పెద్ద ఆట స్థలం ఉంది. దాని పేరు బాలయోగి స్టేడియం. 2024లో సిరియా, మారిషస్ దేశాల మగవాళ్ల జట్లు వచ్చి అక్కడ ఫుట్‌బాల్ ఆడాయి.

మరి ఆడవాళ్లు ఫుట్‌బాల్ ఆడరా? ఎందుకు ఆడరు! నిజామాబాద్ జిల్లా అమ్మాయి గుగులోత్ సౌమ్య మన దేశం తరఫున ఆడింది. ముందుకు ఉరికి గోల్ కొట్టడం ఆమె పని.

గోల్ కొట్టిన మనిషికి అందరూ చప్పట్లు కొడతారు. వెనక నిలబడి అవతలివాళ్లను ఆపే మనిషిని డిఫెండర్ అంటారు. అది చేను కాపలా లాంటి పని. రాత్రంతా మేలుకున్నా ఎవరూ మెచ్చుకోరు. చేలో గేదె పడితే మాత్రం అందరూ తిడతారు.

సౌమ్యతో కలిసి ఆడిన ఒక డిఫెండర్ ఉంది. ఆమె పేరు ఆశాలతా దేవి. ఊరు మణిపూర్‌లోని ఇంఫాల్. 1993లో పుట్టింది. పదమూడో ఏట ఆట మొదలుపెట్టింది. మన దేశం జట్టుకు కెప్టెన్, అంటే నాయకురాలు అయింది. 2018-19లో దేశంలోకెల్లా మేటి క్రీడాకారిణి అని ఆమెకు బహుమానం ఇచ్చారు. గోల్స్ కొట్టేవాళ్లను దాటి డిఫెండరుకు ఈ పేరు రావడం చిన్న సంగతి కాదు.

2022 జనవరిలో ఆసియా కప్ పోటీలు మన దేశంలోనే జరిగాయి. ఆశాలత కెప్టెన్. మొదటి ఆట ఇరాన్‌తో. ఇరాన్‌వాళ్లు ఒక్క గోల్ కూడా కొట్టలేకపోయారు. మనవాళ్లూ కొట్టలేదు. ఆట సమానం అయింది. మూడు రోజులకు రెండో ఆట. అంతలో జట్టులో కరోనా పాకింది. ఆటకు కనీసం పదమూడు మంది ఉండాలి. అంతమంది మిగలలేదు. నియమం ప్రకారం మన జట్టు పోటీ నుంచే తప్పుకోవలసి వచ్చింది. ఒక్క ఆటా ఓడలేదు. అయినా ఇంటికి పోవలసి వచ్చింది. సొంత దేశంలో ఇలా జరిగితే ఎంత కష్టంగా ఉంటుంది!

ఆశాలత ఆట మానలేదు. 2024 అక్టోబర్ 17న నేపాల్‌లోని కాఠ్మాండూలో పాకిస్తాన్‌తో ఆడింది. దేశం తరఫున అది ఆమెకు నూరో ఆట. మన దేశంలో నూరు ఆటలు ఆడిన మొదటి మహిళ ఆమే. ఆ రోజు మన జట్టు 5-2తో గెలిచింది.

2025లో కోల్‌కతా జట్టు ఈస్ట్ బెంగాల్ దేశంలోని మహిళల లీగ్ గెలిచింది. ఆ జట్టులో ముందు సౌమ్య, వెనక ఆశాలత. ఆ ఏడు మేటి క్రీడాకారిణి బహుమానం మన సౌమ్యకు వచ్చింది.

మీ ఊళ్లో ఆడపిల్లలు ఏ ఏ ఆటలు ఆడతారు? వాటి పేర్లు రాయండి.