షార్ట్ ఫిల్మ్ తీయడం అయింది, మరి కూర్పు ఎవరు చేస్తారు?

పాత తెలుగు సినిమాల టైటిల్స్‌లో ‘కూర్పు’ అని ఒక పేరు పడేది, గుర్తుందా? ఇప్పుడు అందరం ఎడిటింగ్ అంటున్నాం. ‘బాహుబలి’కి కోటగిరి వెంకటేశ్వరరావు, ‘ఆర్ఆర్ఆర్’కు ఎ.శ్రీకర్ ప్రసాద్ చేసిన పని అదే. మన పిల్లలు కూడా సెలవుల్లో ఫోన్లతో షార్ట్ ఫిల్మ్‌లు తీస్తున్నారు. తీయడం రెండు రోజుల్లో అయిపోతుంది. ఆ తర్వాత క్లిప్పులు ఫోన్‌లోనే పడి ఉంటాయి. లేదంటే పోటీకి పంపాల్సిన ఆఖరి రాత్రి నాన్నగారో అన్నయ్యో కూర్చుని అతికించి పంపేస్తారు. దయచేసి ఆ పని మీరు చేసిపెట్టకండి. సినిమా తీయడంలో పిల్లలు నేర్చుకునేదంతా ఎక్కువగా ఈ దశలోనే ఉంది.

ఇంట్లోనే చేయగల చిన్న ప్రయోగంతో మొదలుపెట్టవచ్చు. సుమారు వందేళ్ల క్రితం సోవియట్ రష్యాలో లెవ్ కులెషోవ్ అనే దర్శకుడు ఒక నటుడి ముఖాన్ని, ఏ భావమూ లేని ఒకే షాట్‌ను, వేర్వేరు దృశ్యాల పక్కన పెట్టి చూపించాడు. సూప్ గిన్నె పక్కన పెడితే ఆకలిగా, శవపేటిక పక్కన పెడితే దుఃఖంగా కనిపించిందట. మీ అమ్మాయి ముఖాన్ని ఐదు సెకన్లు మామూలుగా తీయండి. దాని తర్వాత ఒకసారి లడ్డూల పళ్లెం, ఇంకోసారి మార్కుల షీటు చేర్చి, అమ్మమ్మగారికి చూపించమనండి. రెండు షాట్ల మధ్య పుట్టే అర్థం ఏ ఒక్క షాట్‌లోనూ లేదని పాపకు వెంటనే తెలుస్తుంది.

ఇక అసలు పని. స్కూల్ బస్సు తప్పిపోయిన కుర్రాడి కథ అనుకుందాం. నాలుగు నిమిషాల సినిమాకు నలభై నిమిషాల ఫుటేజ్ ఉంది. ఇది ఎక్కువేం కాదు. హాలీవుడ్ చిత్రం ‘అపోకలిప్స్ నౌ’కు 230 గంటలకు పైగా ఫుటేజ్ వచ్చిందని, తెరమీదికి చేరిన ఒక్కో నిమిషానికి దాదాపు 95 నిమిషాలు పక్కన పడ్డాయని దాని ఎడిటర్లలో ఒకరైన వాల్టర్ మర్చ్ లెక్క చెప్పారు. కాబట్టి ముందు యాప్ తెరవకూడదు, నోట్‌బుక్ తెరవాలి. ప్రతి క్లిప్‌ను పూర్తిగా చూసి, దానిలో ఏముంది, ఎక్కడ బాగుంది అన్నది ఒక్కో లైన్‌లో రాసుకోవాలి. విసుగు పుట్టించే పనే, కానీ దీన్ని దాటేసినవాళ్లు తర్వాత ఒకే షాట్ కోసం గంటసేపు వెతుకుతారు.

కొత్తవాళ్ల కూర్పులో ఒక లక్షణం ఎప్పుడూ కనిపిస్తుంది. కుర్రాడు లేస్తాడు, చెప్పులు వేసుకుంటాడు, తలుపు తీస్తాడు, మెట్లు దిగుతాడు, గేటు దాటుతాడు. తీసిందంతా ఉంచేస్తారు. గడియారం చూసిన ముఖం నుంచి నేరుగా వీధిలో పరిగెత్తే కాళ్లకు కట్ చేస్తే చాలు, మధ్యలోది చూసేవాళ్లే ఊహించుకుంటారు. ఇంకాస్త ముందుకెళ్లి, కుర్రాడింకా ఇంట్లో ఉండగానే బస్సు హారన్ వినిపించమనండి. బొమ్మ కంటే శబ్దం ముందు రావడాన్ని ‘జె కట్’ అంటారు. ఆ ఒక్క కిటుకుతో కథలో కంగారు పుడుతుంది. తిరిగే బాణాలు, పేలే నక్షత్రాల ట్రాన్సిషన్లు ఆ కంగారును తెచ్చిపెట్టలేవు.

అన్నిటికంటే కష్టమైన కోత వేరే ఉంది. ఆదివారం రెండు బస్సులు మారి వచ్చి, ఎండలో నిలబడి నటించిన స్నేహితుడి సీన్ కథకు అడ్డం పడుతుంది. బాగా చేశాడు, అయినా అది లేకపోతేనే సినిమా బాగుంది. ఏం చేయాలి? పన్నెండేళ్ల పిల్లవాడికి ఇది చిన్న సమస్య కాదు, దీనితో స్నేహాలు చెడిన సందర్భాలూ ఉన్నాయి. నా అభిప్రాయంలో ఆ సీన్ తీసేయాలి. కానీ అందరితో పాటు స్క్రీన్ మీద చూసి తెలుసుకునేలా కాకుండా, ముందే ఆ స్నేహితుడికి స్వయంగా, ముఖాముఖి చెప్పాలి. టైటిల్స్‌లో అతని పేరు ఉంచాలి, ఆ సీన్‌ను విడిగా సేవ్ చేసి అతనికివ్వాలి. ఆ మాట ఎలా మొదలుపెట్టాలో బాబుతో మాట్లాడండి. కానీ అతని బదులు మీరు ఆ పిల్లవాడి అమ్మగారికి ఫోన్ చేయకండి.

శబ్దం దగ్గర పిల్లలు నిజంగా దెబ్బతింటారు. వణికిన బొమ్మను ప్రేక్షకుడు క్షమిస్తాడు, వినపడని మాటను క్షమించడు. ఫ్యాన్ హోరు, కుక్కర్ విజిల్, పక్కింటి కుక్క అన్నీ రికార్డవుతాయి. ప్రతి చోటా షూటింగ్ అయ్యాక అరనిమిషం అందరూ నోరు మూసుకుని, ఆ గది నిశ్శబ్దాన్ని రికార్డు చేసుకుంటే, కట్‌ల మధ్య శబ్దం తెగిపోకుండా దాన్ని కింద పరచవచ్చు. డైలాగ్ పాడైతే బట్టలు నిండుగా ఉన్న బీరువా తలుపులు తెరిచి, వాటి ముందు కూర్చుని డబ్బింగ్ చెప్పించండి. గది ప్రతిధ్వనిని బట్టలు పీల్చేస్తాయి.

కూర్పుతో బాగుపడనివీ కొన్ని ఉన్నాయి. ట్యూబ్‌లైట్ కింద బొమ్మ మినుకుమినుకుమంటే అది ఎడిటింగ్ తప్పు కాదు. మన కరెంటు 50 హెర్ట్జ్, ఫోన్ మామూలుగా సెకనుకు 30 ఫ్రేములు తీస్తుంది, ఆ రెండింటికీ పొసగదు. 25 ఫ్రేములకు మార్చి లేదా పగటి వెలుతురులో మళ్లీ తీయడమే తేలిక.

మరి తల్లిదండ్రుల పనేమిటి? మొదటి ప్రేక్షకులుగా కూర్చోవడం. కథ తెలియనివాళ్లయితే ఇంకా మంచిది. సినిమా నడుస్తున్నంతసేపూ మాట్లాడకండి. మీ చూపు స్క్రీన్ మీదినుంచి పక్కకు పోయిన చోటు గుర్తుపెట్టుకుని, “ఇక్కడ నాకు అర్థం కాలేదు నాన్నా” అని మాత్రం చెప్పండి. ఎలా సరిచేయాలో చెప్పకండి, మౌస్ అందుకోకండి. చదువు పాడవుతుందని భయముంటే, పరీక్షలు లేని రెండు వారాలు ఎంచుకుని రోజుకో గంట కేటాయించండి. నాలుగు నిమిషాల సినిమాకు అది సరిపోతుంది.

కంప్యూటర్ గట్టిదైతే డావిన్సీ రిజాల్వ్ ఉచితంగానే దొరుకుతుంది. ఫోన్‌లో అయితే వీఎన్ చాలు. కైన్‌మాస్టర్ ఉచితంగా వాడితే వాటర్‌మార్క్ వస్తుంది, పోటీ నిబంధనలు చూసుకోండి. సినిమా పాటలు పెడితే యూట్యూబ్‌లో కాపీరైట్ క్లెయిమ్ రావచ్చు, యూట్యూబ్ ఆడియో లైబ్రరీలో ఉచిత సంగీతం ఉంది. పూర్తయిన సినిమాను వాట్సాప్‌లో వీడియోగా పంపితే నాణ్యత పడిపోతుంది, డాక్యుమెంట్‌గా పంపండి. అసలు క్లిప్పులు ఒక పెన్‌డ్రైవ్‌లోనూ ఉంచండి. యూట్యూబ్‌లో పెట్టే ముందు అందులో కనిపించే ప్రతి పిల్లవాడి తల్లిదండ్రులను అడగండి. ఒక్కరు వద్దన్నా అన్‌లిస్టెడ్‌గా కూడా పెట్టవద్దు.