పంక్తి వెంట పంక్తి: ఫైలునందు వ్రాయు విధానము

చెరువునుండి నీరు తెచ్చువారు చెంబుతో పదిమారులు తిరుగరు. కడవ నింపుకొని యొక్కసారి యింటికి వత్తురు. ఇందువలన శ్రమ తగ్గును. అయినను దారిలో కాలు జారి కడవ పగిలినచో నీరంతయు నేలపాలగును. చెంబుతో తెచ్చువానికి శ్రమ యధికము, నష్టము స్వల్పము. కంప్యూటరు ఫైలులో అక్షరములను వ్రాయుటయందును ఈ రెండు మార్గములు కలవు. వీని నడుమ మూడవది యొకటి కలదు. ఆ మూడవదానిని, అనగా పంక్తి ముగిసినప్పుడెల్ల ఫైలునకు పంపు పద్ధతిని, మన పై తరగతుల విద్యార్థులకు తెలుపుటయే ఈ పాఠముయొక్క యుద్దేశము.

1. మా తప్పిదము

కొంతకాలము క్రిందట మేము మా విద్యార్థులచే రస్టు భాషలో నొక చిన్న ప్రోగ్రామును వ్రాయించితిమి. అది అయిదేసి నిమిషముల కొకసారి గాలియొక్క యుష్ణోగ్రతను గ్రహించి, తేదీతోను వేళతోను గూడ ఒక పంక్తిగా తెరమీదను ఫైలునందును వ్రాయవలెను. ఒక శుక్రవారము సాయంకాలము 5 గంటలకు దానిని ప్రారంభించి, కనిపెట్టియుండు పనిని తొమ్మిదవ తరగతి బాలున కొకనికి అప్పగించితిమి. శనివారము రాత్రి 10 గంటలకు విద్యుత్తు నిలిచిపోయెను. సోమవారము ఉదయమున చూడగా ఫైలు ఉండెను గాని, అందొక్క అక్షరమైనను లేకుండెను.

"నీవు ప్రోగ్రామును నడువనీయనే లేదు" అని మేము తరగతి యెదుట ఆ బాలుని మందలించితిమి. అతడు, "మాష్టరుగారూ, శనివారము మధ్యాహ్నము గూడ వచ్చి చూచితిని, తెరమీద పంక్తులు వచ్చుచునే యుండెనండి" అని విన్నవించుకొనెను. మేము నమ్మలేదు. ఆ రాత్రి ప్రోగ్రామును మొదటినుండి మరల చదువగా, బాలుడు చెప్పినది సత్యమనియు, తప్పు మాదేననియు తేలెను. అది యెట్లో తెలిసికొనుటకు ముందుగా బఫరనగా నేమో తెలియవలెను.

2. బఫరు

ప్రోగ్రాము తానై డిస్కుపై వ్రాయజాలదు. ఆ పనిని చేసిపెట్టుమని ఆపరేటింగు సిస్టమును అడుగవలెను. ఇట్లడుగుటకు సిస్టము కాలని పేరు. అడిగినప్పుడెల్ల ప్రాసెసరు ప్రోగ్రామును విడిచి, సిస్టములోనికి పోయి, పని ముగించుకొని తిరిగి రావలెను. ఒక్కసారి కిది మిక్కిలి స్వల్పకాలమే గాని, వేలకొలది సార్లు జరిగినచో బరువగును. కావున ప్రోగ్రాము తన మెమొరీలో కొంత తావును ప్రత్యేకించి, వ్రాయదలచిన యక్షరములను మొదట అందు చేర్చుకొని, పిదప ఒక్కసారి పంపును. ఈ తావే బఫరు. అదియే మన కడవ. మెమొరీ విద్యుత్తుతో నిలుచునది గావున, విద్యుత్తు పోయినచో బఫరులోనిదంతయు పోవును.

3. మూడు పద్ధతులు

ఒక్కొక్కటి 40 బైట్లుగల 1,000 పంక్తుల మార్కుల పట్టికను వ్రాయవలెననుకొందము. ప్రతి పంక్తియందును పేరు, కామా, మార్కు, పంక్తి ముగింపు గుర్తు అను నాలుగు తునుకలు కలవు.

మొదటిది బఫరు లేని పద్ధతి. తునుక కొక సిస్టము కాల్ చొప్పున 4,000 కాల్‌లు కావలెను. రస్టులోని ఫైలునకు స్వతస్సిద్ధముగా బఫరు లేదు. కావున ఫైలునకు తిన్నగా వ్రాయువానికి ఈ గతియే పట్టును.

రెండవది నిండు బఫరు పద్ధతి. రస్టునందు దీనికి బఫ్‌రైటర్ అను సాధనము కలదు. ప్రత్యేకముగా చెప్పనిచో దాని పరిమాణము 8,192 బైట్లు. మొత్తము 40,000 బైట్లకు 5 కాల్‌లు చాలును.

మూడవది పంక్తి బఫరు పద్ధతి. దీని సాధనము లైన్‌రైటర్. తునుకలను బఫరులో కూర్చుకొని, పంక్తి ముగింపు గుర్తు రాగానే అంతవరకు గలదానిని పంపును. కాల్‌లు 1,000. ఒకేసారి పెక్కు పంక్తులను అందించినచో, కడపటి ముగింపు గుర్తువరకు గలదంతయు పోవును; తరువాతి సగము పంక్తి మాత్రము నిలుచును. దీని బఫరు సాధారణముగా 1,024 బైట్లు. అంతకంటె పొడవైన పంక్తి వచ్చినచో, అది ముగియకమునుపే కొంత భాగము వెడలిపోవును.

ఈ విభాగము రస్టుతో పుట్టినది గాదు. బెల్ ప్రయోగశాలలో డెన్నిస్ రిచీ 1970 దశాబ్దపు తొలినాళ్లలో నిర్మించిన సీ భాషయందును ఈ మూడు పద్ధతులును కలవు. 1989 నాటి సీ ప్రమాణమునందు సెట్‌వీబఫ్ అను ఫంక్షనుచే వీనిలో కోరినదానిని ఎన్నుకొనవచ్చును. రస్టు మొదటి స్థిరరూపము 2015 మే 15న వెలువడినది.

4. లెక్క

ఇక మా ఫైలు సంగతి. తేదీకి 10, వేళకు 5, ఉష్ణోగ్రతకు 4, రెండు ఖాళీలకు 2, ముగింపు గుర్తునకు 1: వెరసి పంక్తికి 22 బైట్లు. 8,192ను 22చే భాగింపగా 372 పంక్తులు పట్టును. అయిదేసి నిమిషముల చొప్పున 372 పంక్తులకు 1,860 నిమిషములు, అనగా 31 గంటలు. విద్యుత్తు పోవునప్పటికి గడచినవి 29 గంటలే. వ్రాసినవి 348 పంక్తులు, 7,656 బైట్లు. కడవ యింకను నిండలేదు. కావున ఒక్క చుక్కయు ఇల్లు చేరలేదు.

మరి తెరమీద పంక్తులెట్లు కనబడెను? రస్టునందు తెరకు పోవు ప్రధాన నిర్గమము పంక్తి బఫరు గలది. పంక్తి ముగియగానే కనబడును. ఫైలునకు మాత్రము బఫ్‌రైటర్ వాడుమని చెప్పినవారము మేమే. వేగము మంచిదని చెప్పితిమి గాని, అయిదు నిమిషముల కొక పంక్తి వ్రాయుచోట వేగముతో పనియేమని యోచింపమైతిమి. బఫ్‌రైటర్‌కు బదులు లైన్‌రైటర్ అని మార్చగా పని చక్కబడెను. దాని ఖర్చు అయిదు నిమిషముల కొక్క సిస్టము కాల్ మాత్రమే.

5. జాగ్రత్తలు

పంక్తి ముగింపు గుర్తును మరచినచో లైన్‌రైటర్ పంపక వేచియుండును. అట్టిచోట ఫ్లష్ అను ఆజ్ఞచే బఫరును ఖాళీ చేయవలెను.

ఈ సాధనములు తమ ఆయువు తీరునప్పుడు మిగిలినదానిని తామే పంపజూచును. కాని అప్పుడు డిస్కు నిండియుండుట మొదలగు దోషము కలిగినచో ఆ సంగతి మనకు తెలియరాదు. కావున పని ముగియుటకు ముందు ఫ్లష్ చేసి, దాని ఫలితమును పరీక్షింపవలెను. ప్రోగ్రామును మధ్యలో ఎగ్జిట్ ఆజ్ఞచే ముగించినచో ఫైలు బఫరులోనిది పంపబడనే పడదు.

మరియొకటి. ఫ్లష్ చేసినది సిస్టము చేతికి చేరును గాని, డిస్కుపై పడినదని నిశ్చయము లేదు. సిస్టమును కొంతసేపు తన మెమొరీలో నుంచుకొనును. ప్రోగ్రాము మాత్రము చెడినచో అది భద్రమే. విద్యుత్తు పోయినచో భద్రము గాదు. మిక్కిలి విలువగల పంక్తులకు సింక్‌డేటా అను ఆజ్ఞను గూడ వాడవలెను. అది నిదానమైనది గనుక ప్రతిచోట వాడరాదు.

6. ముగింపు

ఏ పద్ధతి మేలని యడిగినచో, పనినిబట్టి యని చెప్పవలెను. మరల లెక్కించి వ్రాసికొనగల పెద్ద పట్టికలకు నిండు బఫరు తగును. గడచిన వేళయొక్క యుష్ణోగ్రతవలె మరల దొరకనివానికి పంక్తి బఫరు తగును. "ఈ క్షణమున విద్యుత్తు పోయినచో నేనెంత పోగొట్టుకొందును?" అని ప్రోగ్రాము వ్రాయువాడు ముందుగా తన్ను తాను ప్రశ్నించుకొనవలెను.

మరునాడు మేము ఈ లెక్కను నల్లబల్లపై వ్రాసి, ఏ తరగతి యెదుట ఆ బాలుని మందలించితిమో ఆ తరగతి యెదుటనే అతని క్షమాపణ వేడుకొంటిమి. పోయిన 348 పంక్తులు తిరిగి రాలేదు. ఖాళీ ఫైలును జూచి మనుష్యుని నిందించుటకు ముందు బఫరును పరీక్షింపవలెనని మాత్రము మేము నేర్చుకొంటిమి.

అభ్యాసము

1. పంక్తికి 32 బైట్ల చొప్పున నిమిషమున కొక పంక్తి వ్రాయబడుచున్నది. 8,192 బైట్ల బఫరులో ఎన్ని పంక్తులు పట్టును? అవి ఎంతకాలమునకు సంబంధించినవి?
2. ఫ్లష్‌నకును సింక్‌డేటాకును గల భేదమును ఉదాహరణముతో వివరింపుము.
3. పరీక్ష మార్కుల పట్టికకు ఏ పద్ధతిని ఎన్నుకొందువు? కారణములు చెప్పుము.